వినపడేట్టు చెప్పిన ధర

బి.ఎడ్.లో నా ఫైనల్ లెసన్ సముద్రపు ఆటుపోట్ల మీద. అప్పటికి నేను సముద్రం మొహం చూసి ఎరగను. మా జిల్లాలో నీళ్లు ఎగిసిపడటమంటే బోరు వేసిన రోజు ఓ పూట కనపడే వింత, అదీ అదృష్టం బాగుంటే. అయినా నీలం చార్టు గీసి, థర్మకోల్‌తో చంద్రుణ్ణి కోసి, దారానికి వేలాడదీసి, తొమ్మిదో తరగతి పిల్లలకు ఆటుపోట్లు చెప్పి మంచి మార్కులే తెచ్చుకున్నాను. నేను చదివింది మాత్రం బి.కామ్., ఆపైన ఎం.కామ్. కామర్సు చెప్పడానికి మెథడ్ ఏదీ అని అడిగితే, అట్లాంటిది లేదమ్మా, సోషల్ తీసుకో, రెండూ దగ్గర దగ్గరే కదా అన్నారు. ఏ లెక్కన దగ్గరో వాళ్లు చెప్పలేదు. నేను కోపాన్ని కొంగున మూటకట్టుకుని ఇంటికి వచ్చేశాను.

తొంభైల చివర్లో కదిరి వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పార్ట్‌టైమ్ ఒకేషనల్ లెక్చరరుగా చేరాను. మార్కెటింగ్, సేల్స్‌మన్‌షిప్ నా సబ్జెక్టు. స్టాఫ్ రూములో ఫిజిక్సు సారుకు కుర్చీ ఉంది, తెలుగు సారుకు కుర్చీ ఉంది. నేను పోతే ఎవరో ఒకరు క్లాసుకు లేచేదాకా బీరువాకు ఆనుకుని నిలబడాలి. నా క్లాసేమో సైకిల్ స్టాండు పక్కన రేకుల షెడ్డులో. ఎం.పి.సి. దొరకనివాళ్లు, బై.పి.సి. దొరకనివాళ్లు, ఇంట్లో వద్దన్నా వినకుండా వచ్చినవాళ్లు నా పిల్లలు. 'ఒకేషనలా' అని ఎవరన్నా సాగదీసి అడిగితే నాకు ఒళ్లు మండేది. నేనూ అంతే సాగదీసి జవాబు చెప్పేదాన్ని. నా వెనక నన్ను కారం మేడమ్ అనేవాళ్లని తెలుసు. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

పుస్తకంలో షోరూము ఉండేది. గాజు అద్దాల వెనక వస్తువుల అలంకరణ ఉండేది. కొనుగోలుదారుణ్ణి చిరునవ్వుతో ఆహ్వానించడం ఎలాగో ఒక పేజీ ఉండేది. మా ఊళ్లో అద్దాల వెనక అలంకరించినవి మిఠాయి అంగట్లో మైసూరుపాకులు మాత్రమే, వాటినీ మనుషులకంటే ఈగలే ఎక్కువ చూసేవి. నా పిల్లలు తనకల్లు వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లు. చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండితే చెనిక్కాయ, పండకపోతే గొర్రెలు, మేకలు. నడక వచ్చినప్పటినుంచి సంతలో తిరిగినవాళ్లు. వాళ్లు చూసిన అమ్మకానికీ పుస్తకంలోని అమ్మకానికీ మాటలు లేవు. ఆ రెండింటినీ మాట్లాడించే పని టీచరుదే కదా, దానికొక పద్ధతి ఉండాలి కదా అని నాకు అనిపించేది. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తాననుకున్నాను.

అందుకే ఎం.ఎడ్.కు పోయాను. నా క్లాసుల గంటలు ఇంకొకరికి ఇచ్చారు, తిరిగి వచ్చేసరికి ఉంటాయో లేదో చెప్పలేమన్నారు. ఉంటే ఉంటాయి, పోతే పోతాయి అని అనంతపురం బస్సెక్కాను. ఎం.ఎడ్.లో ప్రతి ఒక్కరూ ఒక డిసర్టేషన్ రాయాలి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు దాన్ని సమర్థించుకోవాలి. ఆ డిసర్టేషన్ నా సబ్జెక్టు మీదే రాస్తాను, మా సంత మీదే రాస్తాను. ఆటుపోట్లు ఈ జన్మకు ఒక్కసారి చాలు. ఇదీ నా మొండిపట్టు.

నాకు ఇచ్చిన గైడు సారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. మంచివాడు. చల్లగా మాట్లాడతాడు, ఆడపిల్లలందరినీ అమ్మా అనే పిలుస్తాడు. ఆయన సొరుగులో అంశాలు ముందే సిద్ధంగా ఉండేవి. ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి, హాస్టలు పిల్లల చదువు అలవాట్లు, ఎనిమిదో తరగతి వాళ్ల సర్దుబాటు సమస్యలు. కాలేజీ ఎదురుగా ఉన్న డి.టి.పి. సెంటరులో పాత డిసర్టేషన్లన్నీ ఫ్లాపీల్లో దాచి ఉంచేవాళ్లు. జిల్లా పేరు మార్చి, మండలాల పేర్లు మార్చి, నల్ల రెక్సిను అట్ట వేసి, దానిమీద బంగారు అక్షరాలు కొట్టించి చేతికిచ్చేవాళ్లు. అది దొంగతనమని ఎవరికీ తోచేది కాదు. పెళ్లికి పందిరి అద్దెకు తెచ్చుకున్నట్టే అదీ ఒక ఆనవాయితీ.

నా రూమ్మేటు గుత్తి వైపు పిల్ల. గుత్తి చుట్టుపక్కల బడిపిల్లల గైర్హాజరు మీద ఆమె డిసర్టేషన్. అట్ట వేయించుకుని వచ్చాక నేను తిరగేస్తే, పిల్లలు బడి మానడానికి ముఖ్య కారణాల్లో తుఫాను హెచ్చరికలు, తండ్రులతో కలిసి చేపల వేటకు పోవడం అని ఉంది. ఏ తీరం జిల్లా ఫ్లాపీయో, ఊర్ల పేర్లు మార్చినవాడు సముద్రాన్ని తీయడం మరిచిపోయాడు. గుత్తి కోట మీదికెక్కి గాలం వేస్తారా తల్లీ మీవాళ్లు అని అడిగితే ఆమె ముందు బిత్తరపోయి, తర్వాత మంచం మీద పడి పడి నవ్వింది. నవ్విందే గానీ మార్చలేదు. అందరూ సంతకాలు పెట్టారు, ఆమెకు ఫస్ట్ క్లాసు కూడా వచ్చింది. ఇప్పుడామె టీచర్లకు పాఠాలు చెబుతోంది, బాగా చెబుతుందని విన్నాను.

నా అంశం చెప్పినప్పుడు గైడు సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆడమనిషివి, జీవాల సంతలో నీకేం పనమ్మా అన్నాడు. మా దగ్గర గొర్రెల్ని, మేకల్ని కలిపి జీవాలనే అంటారు. నా క్లాసులో సగం మంది ఆడపిల్లలే సార్, వాళ్లకు లేని సంకోచం నాకెందుకు అన్నాను. ఆయన నా మొహం చూసి, వాదించినా లాభం లేదనుకున్నాడో ఏమో, కానియ్యి అన్నాడు. కానియ్యి అన్న మాటలో 'నువ్వే తిరిగొస్తావులే' అన్న మాట కూడా ఉంది. అది నాకు బాగానే వినపడింది.

మా సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, దలారి చెయ్యి కలుస్తాయి, వాటిమీద తువ్వాల కప్పుతారు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఒక వేలు నొక్కితే ఒక లెక్క, గుప్పెడు పట్టుకుంటే ఇంకో లెక్క, అరచేతిలో గీస్తే సగం. పైన మొహాలు మాత్రం వాన గురించో, అల్లుడి గురించో మాట్లాడుతున్నట్టు ఉంటాయి. దలారి ఆ తువ్వాల తీసుకుని కొనేవాడి దగ్గరికి పోతాడు, అక్కడ ఇంకో లెక్క నొక్కుతాడు. రెండు లెక్కల మధ్య తేడా ఆయనది. పక్కనున్నవాడికి ఏదీ తెలియదు. ఎన్నో తరాల నుంచి అలా జరుగుతోంది, ఎవరికీ తప్పుగా తోచలేదు.

అయితే తువ్వాల కిందికి ఆడదాని చెయ్యి పోదు. ఇంటి జీవాల్ని మేపేది ఆడవాళ్లే అయినా సరే, సంతకు తోలుకొచ్చేది ఆడవాళ్లే అయినా సరే, అమ్మాలంటే మొగుడో, బావో, అన్నో ఎవరో ఒకరు వచ్చి చెయ్యి ఇవ్వాలి. నా క్లాసులో ఒక పిల్ల ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎవరినైనా సూటిగా చూసి మాట్లాడే పిల్ల. వాళ్ల నాయన వెన్ను దెబ్బతిని మంచాన ఉన్నాడు. జీవాల్ని మేపేది ఆమె, వాళ్లమ్మ. ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. మేత లేదు, చెరువులో బురద కూడా ఎండిపోయింది. వారం వారం ఒకటో రెండో అమ్ముకుంటేనే ఇల్లు గడిచే కాలం. వాళ్ల తరఫున చెయ్యి ఇచ్చేది ఒక చిన్నాయన. ఆయన తువ్వాల కింద నుంచి చెయ్యి తీసి, అయిపోయింది పోండి అనేవాడు. ఎంతకు అయిందో ఇంటికి పోయేదాకా చెప్పేవాడు కాదు. చెప్పినా అదే నిజమని నమ్మాల్సిందే.

ఎం.ఎడ్.కు పోకముందు ఒకరోజు క్లాసులో ధర నిర్ణయం పాఠం చెబుతున్నాను. గిరాకీ, సరఫరా, రెండు గీతలు, అవి కలిసే చోటు. ఆ పిల్ల లేచి, మేడమ్, మా జీవాల ధర మాకు తెలవకుండా ఎట్లా నిర్ణయమైతాదో ఆ గీతల్లో చూపీండి అంది. ఎగతాళికి అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా డిసర్టేషన్ అక్కడ మొదలైంది.

ఎం.ఎడ్. వాళ్లకు సమాచారం సేకరించడానికి కొన్నాళ్లు వదిలేస్తారు. నేను మా కాలేజీకి తిరిగొచ్చి, ప్రిన్సిపాలు అనుమతి తీసుకుని, రేకుల షెడ్డులో నా మెథడ్ మొదలుపెట్టాను. ఆడపిల్లలకు వేళ్ల లెక్క నేర్పాలి, అదీ నా ఆలోచన. తెలిసిన మగపిల్లలు కొందరు సాయం చేశారు. తువ్వాలకు బదులు ఓణీలు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఓణీ కింద చేతులు కలిపి, పైకి సినిమా కబుర్లు చెప్పుకుంటూ లోపల బేరం చేయాలి. పిల్లలు ఎంత తొందరగా పట్టుకున్నారంటే, చివరికి అటెండెన్సు కూడా వేళ్లతోనే చెప్పేవాళ్లు. తెలుగు సారు కిటికీలోంచి చూసి, ఏం మేడమ్, చేతులు పట్టుకోవడం నేర్పిస్తున్నారా అన్నాడు. అవును సార్, మీరూ రండి, చేతులు కట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటారు అన్నాను. ఆ తర్వాత ఆయన నా షెడ్డు వైపు రాలేదు.

పాఠ్య ప్రణాళిక రాశాను. లక్ష్యాలు రాశాను, బోధనోపకరణం అన్నచోట 'ఓణీ' అని రాశాను. ముందు పరీక్ష, తర్వాత పరీక్ష పెట్టాను. పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారో కాగితం మీద చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఇక మిగిలింది సంత. ఆ పిల్లా, వాళ్లమ్మా రెండు పొట్టేళ్లను తోలుకొచ్చారు. చిన్నాయన్ని ఈ వారం రావద్దన్నారు. నేను కొత్త కాటన్ చీర కట్టుకుని, పెన్నూ కాగితాలూ పట్టుకుని, గంభీరంగా వాళ్ల పక్కన నిలబడ్డాను. దుమ్ము, పేడ, అరుపులు. మగవాళ్లంతా మా ముగ్గురినీ చూసి ఒక అడుగు పక్కకు జరిగి పోతున్నారు.

మాకు బాగా తెలిసిన దలారే వచ్చాడు. పొట్టేళ్ల నడుములు తట్టి చూశాడు, పళ్లు చూశాడు. భుజం మీది తువ్వాల తీశాడు. ఆ పిల్ల చెయ్యి చాచింది. ఆయన ఒక్క క్షణం ఆ చేతిని చూసి, తువ్వాల మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటే రేపు మా ఊర్లో నాకు మర్యాద ఉంటాదా మేడమ్? ఆ పాపకు ఉంటాదా? మీ చిన్నాయన్ను పిల్చుకోనిరాండి."

అప్పుడు తెలిసింది నా మెథడ్‌లో బొక్క ఎక్కడుందో. వేళ్లన్నీ నేర్పాను. అవతలివాడు చెయ్యి ఇస్తాడా లేదా అన్నది నా పాఠ్య ప్రణాళికలో ఎక్కడా లేదు. షెడ్డులో ఆడపిల్లలు ఆడపిల్లల చేతులు పట్టుకున్నారు, సంతలో పట్టుకోవాల్సింది మీసాలున్న మగవాణ్ణి. ఇంత చదువు చదివి, ఇంత చిన్న సంగతి పట్టించుకోలేదే అని నాకు నామీదే మండింది. ఇంటికి పోదాం పదండి అనబోయాను.

"చెయ్యి వద్దులేన్నా," అంది ఆ పిల్ల. "నోటితో చెప్పు."

"సంతలో నోటితో చెప్పరు పాపా."

"మా జీవాలు మావి. ఎంతకడుగుతాండావో నాకు వినపడేట్టు చెప్పు. మాయమ్మకూ వినపడేట్టు చెప్పు."

గట్టిగా అరవలేదు. కానీ ఆ గొంతుకు పక్క బేరాలన్నీ ఆగాయి. ఇద్దరు ముగ్గురు తువ్వాలల కింద చేతులు అలాగే ఉంచుకుని ఇటు తిరిగారు. దలారి నవ్వి, ఈ పిల్లకు గాలి సోకిందని పక్కవాడితో అని వెళ్లిపోయాడు. ఆ పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ మాటే వచ్చిన ప్రతివాడితోనూ అంది. వచ్చినవాడల్లా వెళ్లిపోయాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి బాగేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, లారీ నింపుకోవడానికి ఇంకా జీవాలు కావలసినవాడు, తన దలారిని పక్కకు నెట్టి మా ముందు నిలబడ్డాడు.

"దుడ్లు నావి, గొంతు నాది. చెప్తే ఏమైతాది?" అని ధర పైకి చెప్పాడు.

ఆ పిల్ల తన ధర పైకి చెప్పింది. ఆయన కొంచెం పెంచాడు, ఈమె కొంచెం తగ్గించింది. చుట్టూ నిలబడ్డవాళ్లు ఆటలపోటీ చూస్తున్నట్టు మెడలు అటూ ఇటూ తిప్పారు. బేరం కుదిరింది. వాళ్లమ్మ ఇన్నేళ్లలో మొదటిసారి తన పొట్టేలు ఎంతకు పోయిందో అది పోతుండగానే విన్నది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియదు. నేను మాత్రం ఏడ్చాను.

కథ అక్కడితో ఆగితే నాకు ఫస్ట్ క్లాసు వచ్చేదేమో. మరుసటి వారం దలారులంతా ఒక్కటయ్యారు. ఆ తల్లీకూతుళ్ల జీవాల దగ్గరికి ఎవరూ రాలేదు, కొనేవాళ్లను రానివ్వలేదు. సాయంత్రం దాకా నిలబడి, తోలుకొచ్చినవాటిని తోలుకునే పోయారు. దాహంతో నాలుకలు బయటపెట్టిన జీవాలు. వాళ్లమ్మ దారి పొడవునా నన్ను తిట్టింది. పాఠాలు చెప్పి మా కడుపు మీద కొట్టినావు కదమ్మా అంది. తలవంచుకుని వాళ్ల వెంట నడిచాను. ఊరు దగ్గరపడుతుండగా ఆ పిల్ల, వచ్చే వారం మళ్లీ పోదాం మేడమ్ అంది. వాళ్లమ్మ ఆ పిల్ల వీపున ఒకటి చరిచింది. అయినా పై వారం ముగ్గురం మళ్లీ అక్కడే ఉన్నాం.

ఆ వారం మా పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తమ మేకలతో వచ్చి నిలబడ్డారు. పైవారానికి ఇంకొంతమంది. కరువు కాలం, లారీలు ఖాళీగా తిరిగి పోలేవు కదా. కొనేవాళ్లే ఒక్కొక్కరు నోరు విప్పారు. అందరూ మారిపోయారని నేను రాయలేదు. తువ్వాల కిందే ధర బాగా పలుకుతుందని నమ్మే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, తమ్ముణ్ణి తోడు తెచ్చుకుంటారు. తిరిగి ఇంటికి నడిచిన జీవాల గురించీ, వాళ్లమ్మ తిట్ల గురించీ కూడా రాశాను. అదంతా కలిపి నా డిసర్టేషన్‌లో నాలుగో అధ్యాయం. రాయాల్సింది ఇంగ్లీషులో. 'వినపడేట్టు చెప్పు' అన్న మాటను ఎన్ని రకాలుగా మార్చినా కోర్టు నోటీసులా తయారైంది. విసుగొచ్చి ఆ ఒక్క మాటను తెలుగు లిపిలోనే ఉంచాను. డి.టి.పి. అతను, ఇది ఏ ఫ్లాపీలోనూ లేదు మేడమ్, కొత్తగా కొట్టాల అని గొణిగాడు. కొట్టప్పా అన్నాను.

గైడు సారు అంతా చదివాడు. నిజంగానే చదివాడు, మార్జిన్లలో పెన్సిలు గుర్తులు ఉన్నాయి. నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"మిగతాదంతా బాగుండాది. ఆ నాలుగోది తీసేయమ్మా. ఎగ్జామినర్‌తో నేను మాట్లాడుకుంటా. నీకు ఫస్ట్ క్లాసు వచ్చేట్టు చూసుకుంటా."

ఫస్ట్ క్లాసు అంటే చిన్న విషయం కాదు. అది ఉంటే బి.ఎడ్. కాలేజీల్లో పోస్టుకు పనికొస్తాను. కుర్చీ ఉంటుంది, నెల నెలా జీతం ఉంటుంది. కామర్సు మెథడ్ అనేదాన్ని ఏదో ఒకరోజు నా చేతులతో నేనే మొదలుపెట్టవచ్చు. లేకపోతే మళ్లీ రేకుల షెడ్డు, అదీ గంటలు మిగిలి ఉంటేనే. సారు నా మేలు కోరే చెప్పాడు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, నా గురించి ఇంకొకరితో మాట్లాడుకుంటానన్నాడు. ఆయన భుజం మీద తువ్వాల లేదు, అంతే తేడా. ఆలోచించి చెబుతాను సార్ అని బయటికి వచ్చాను. బస్టాండులో ఉగ్గాని తింటూ ఆలోచించాను. ప్లేటు ఖాళీ అయ్యేలోపే ఆలోచన కూడా అయిపోయింది. నాలుగో అధ్యాయాన్ని అలాగే ఉంచి అట్ట వేయించాను.

వైవా రోజు వచ్చిన ఎగ్జామినర్ కోస్తా వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. మా ఎం.ఎడ్. కాలేజీలో వైవా అందరి ముందే జరిగేది, వెనక బెంచీల్లో నా క్లాస్‌మేట్లంతా ఉన్నారు. నమూనా గురించి అడిగాడు, పరీక్షల గురించి అడిగాడు, చెప్పాను. తర్వాత నాలుగో అధ్యాయం తెరిచి, ఇది పరిశోధనా, తగాదానా అన్నాడు. నా మెథడ్ ఎక్కడ విఫలమైందో, ఎందుకు విఫలమైందో, తర్వాత ఏం జరిగిందో రాశాను సార్ అన్నాను. ఆయన గైడు సారు వైపు వంగాడు. ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. ప్రతి వైవాలోనూ అంతే జరుగుతుంది. ఆ సమయంలో విద్యార్థి కిటికీలోంచి బయటికి చూడాలి, అది మర్యాద. నేను చూడలేదు.

"సార్, మార్కులు మీ ఇష్టం," అన్నాను. "తగ్గిస్తే ఎందుకు తగ్గిస్తున్నారో నాకు వినపడేట్టు చెప్పండి."

వెనక బెంచీల్లో ఎవరిదో పెన్ను కింద పడిన శబ్దం వినపడింది. గైడు సారు కళ్లు మూసుకున్నాడు. ఎగ్జామినర్ ఫైలు కిందికి దించాడు. ఆయనకు కోపం వచ్చింది. అయినా జవాబు చెప్పాడు, అందుకు ఆయన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను.

"ఈ అధ్యాయం ఉంటే నేను ఫస్ట్ క్లాస్ ఇవ్వనమ్మా. మార్కెట్ కట్టుబాట్లు చెడగొట్టడం టీచర్ పని కాదు. ఇప్పుడైనా తీసేస్తానంటే చెప్పండి, ఆలోచిస్తాను."

"ఉంచండి సార్," అన్నాను.

సెకండ్ క్లాసు వచ్చింది. బి.ఎడ్. కాలేజీ పోస్టు నాకు రాలేదు, ఇక రాదు కూడా. జూనియర్ కాలేజీకి తిరిగి వెళ్తే నా గంటల్లో సగం మిగిలాయి, ఆ సగం తీసుకున్నాను. మిగతా సగం కోసం ప్రిన్సిపాలు గదిలో నిలబడి, తలుపు బార్లా తెరిచి పెట్టి, స్టాఫంతా వినేటట్టు అడిగాను. కొన్ని నెలలు పట్టింది గానీ వచ్చాయి. కుర్చీ మాత్రం నేనే ఇంటినుంచి తెచ్చుకున్నాను, ఎర్ర ప్లాస్టిక్కు కుర్చీ. నేను లేనప్పుడు ఫిజిక్సు సారు అందులో కూర్చుంటాడని తెలుసు. కూర్చోనీ. కొన్నేళ్ల తర్వాత డి.టి.పి. అతను బజార్లో కనపడి, మేడమ్, మీ నాలుగో అధ్యాయాన్ని మూడు జిల్లాలవాళ్లు అడిగి తీసుకపోయినారు అన్నాడు. ఎక్కడో తీరంలో చేపలమ్మే ఆడవాళ్ల మీద రాసిన డిసర్టేషన్‌లో మా పొట్టేళ్లు ఇంకా పళ్లు చూపించుకుంటూ నిలబడి ఉంటాయి. ఆ మనిషికి ఫస్ట్ క్లాసే వచ్చి ఉంటుంది. మొదట పళ్లు నూరుకున్నాను. తర్వాత, పోనీ, 'వినపడేట్టు చెప్పు' అన్న మాట తెలుగులో అలాగే పోయి ఉంటుంది కదా అనుకున్నాను.

ఎం.ఎడ్. ఫలితం వచ్చిన వారం నేను సంతకు పోయాను. ఎవరికీ మొహం చూపించాలని లేదు, అయినా పోయాను. ఆ పిల్ల ఒక పొట్టేలు పలుపు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. వాళ్లమ్మ పక్కన బొరుగులు తింటోంది, నన్ను చూసి కొన్ని నా చేతిలో పోసింది. ఆ పిల్లకు సంగతి అప్పటికే తెలుసు.

"తక్కువ ఇచ్చినారంట కదా మేడమ్."

"అవును."

"ఎందుకు తగ్గించినారో చెప్పినారా?"

"చెప్పినారు."

"వినపడేట్టు?"

"అందరికీ వినపడేట్టు."

ఆ పిల్ల ఓదార్చే మొహం పెడుతుందేమోనని నేను భయపడ్డాను. పెట్టలేదు.

"అట్లయితే బేరం సక్రమంగానే జరిగింది," అంది. "దీన్ని పట్టుకోండి మేడమ్, ఇప్పుడే వస్తా."

పలుపు నా చేతికిచ్చి, లారీ దగ్గర నిలబడ్డ మగవాళ్ల వైపు నడిచింది. పోతూ పోతూ దారిలోనే తన ధర పైకి చెప్పింది. నేను పొట్టేల్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఆ గొంతు నాకు స్పష్టంగా వినపడుతోంది.